అమెరికా కౌంటీల ‘ఇంట్లోనే ఉండండి’ ఉత్తర్వులు: మ్యాప్ సరిగ్గా గీయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో కరోనా వల్ల అమెరికాలో ఇంట్లోంచి బయటికి రావద్దని ఉత్తర్వుల మీద ఉత్తర్వులు వచ్చాయి. కొన్ని గవర్నర్లు ఇచ్చారు, కొన్ని కౌంటీలు, కొన్ని నగరాలు, కొన్ని ఆదివాసీ దేశాలు (అమెరికా లోపలే సొంత ప్రభుత్వం ఉన్న ఆదివాసీ ప్రజలు). అప్పుడు నేను ఉత్తర టెక్సస్‌లో ఉన్నాను. గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసి, "టీవీలో మీ వైపంతా ఎర్రగా చూపిస్తున్నారు, సరుకులైనా దొరుకుతున్నాయా నాన్నా?" అని అడిగింది. ఆ రోజుకి మా ఊళ్లో ఏ ఉత్తర్వూ అమల్లో లేదు. పక్క కౌంటీలో ఉంది. ఆ రాత్రే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఉత్తర్వులు ఒక్కొక్కటీ చదివి రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ పబ్లిక్ హెల్త్, డేటా సైన్స్ చదివే మన పిల్లలు ఆ కాలపు డేటాతో ప్రాజెక్టులు చేస్తూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. నేను తెలుసుకున్నంత వరకు జవాబులు ఇవి.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదేనా?

పోలిక కొంతవరకే పనికొస్తుంది. రాష్ట్రాన్ని భాగాలు చేస్తే వచ్చేది కాబట్టి జిల్లా అనుకోవచ్చు. కానీ జిల్లాకు కలెక్టర్‌ను ప్రభుత్వం పంపిస్తుంది, కౌంటీని నడిపేవాళ్లను మాత్రం చాలా చోట్ల అక్కడి జనమే ఎన్నుకుంటారు. అందుకే పక్కపక్క కౌంటీలు ఒకే వారంలో ఒకదానికొకటి పొంతన లేని నిర్ణయాలు తీసుకోగలిగాయి.

సైజులో కూడా పోలిక కుదరదు. 2020 నాటికి అమెరికాలో కౌంటీలు, వాటికి సమానమైనవి కలిపి 3,143 ఉన్నాయి. ఒక్క టెక్సస్‌లోనే 254, డెలావేర్‌లో మూడే మూడు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో సుమారు కోటి మంది ఉంటే, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన లెక్క ప్రకారం 64 మంది.

"వాటికి సమానమైనవి" అన్నమాట గుర్తుపెట్టుకోండి. లూసియానాలో కౌంటీలు లేవు, 64 ప్యారిష్‌లు ఉన్నాయి. అలాస్కాలో బరోలు ఉంటాయి. వర్జీనియాలో 38 నగరాలు ఏ కౌంటీలోనూ భాగం కావు, వాటంతటవే కౌంటీలతో సమానం. అక్కడ ఫెయిర్‌ఫ్యాక్స్ నగరం వేరు, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ వేరు. సెయింట్ లూయిస్ కూడా అంతే: నగరం, కౌంటీ ఒకే పేరుతో పక్కపక్కనే ఉంటాయి, కానీ ఒకదానిలో ఒకటి లేదు.

ఈ ఉత్తర్వులు ఇచ్చే అధికారం ఎవరికి ఉంది?

ఒక్కరికి కాదు, అందుకే ఇంత చిక్కు. కాలిఫోర్నియాలో కౌంటీ హెల్త్ ఆఫీసర్ సంతకంతోనే ఉత్తర్వు వస్తుంది. టెక్సస్‌లో ‘కౌంటీ జడ్జి’ ఇస్తారు. ఆ పేరు చూసి కోర్టు తీర్పు అనుకుని కేసుల జాబితాలో వెతికినవాళ్లను చూశాను. కౌంటీ జడ్జి అంటే కౌంటీ పరిపాలనకు పెద్ద, ఎన్నికైన వ్యక్తి. డాలస్ కౌంటీలో క్లే జెంకిన్స్, హ్యారిస్ కౌంటీలో లీనా హిడాల్గో అలా ఇచ్చినవాళ్లే. చాలా చోట్ల నగర మేయర్లూ ఇచ్చారు. వీళ్లందరి పైన గవర్నర్ ఉంటారు.

కాబట్టి షీటులో ఒక్కో వరుసకూ "ఎవరు ఇచ్చారు" అనే గడి తప్పనిసరి. అది లేకపోతే తర్వాత వచ్చే ఏ చిక్కూ విప్పలేరు.

మొదటి ఉత్తర్వు ఎక్కడ వచ్చింది?

అమెరికా టెరిటరీలను (రాష్ట్రాలు కాకపోయినా అమెరికా కింద ఉన్న ప్రాంతాలను) కూడా కలుపుకుంటే ప్యూర్టో రికోలో, 2020 మార్చి 15న. రాష్ట్రాల లోపల చూస్తే బాగా తెలిసినది శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాది. మార్చి 16న శాన్ ఫ్రాన్సిస్కో, శాంటా క్లారా, శాన్ మాటెయో, మరిన్, కాంట్రా కోస్టా, అలమీడా అనే ఆరు కౌంటీలు కలిసి ప్రకటించాయి. అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి, అంటే మార్చి 17న అమల్లోకి వచ్చింది.

ఆ ఆరింటితో పాటు బర్క్‌లీ నగరం పేరు కూడా ఉంటుంది. అది అలమీడా కౌంటీలోనే ఉన్నా, దానికి సొంత ఆరోగ్య శాఖ ఉంది కాబట్టి సొంత ఉత్తర్వు కావాలి. మ్యాప్‌లో ఆ రోజు తేడా కనబడదు, రెండింటికీ ఒకటే రంగు. కానీ ఇలాంటి నగరాలను ముందే గుర్తుపెట్టుకోకపోతే తర్వాత దెబ్బ తగులుతుంది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో లాంగ్ బీచ్, పసడీనా నగరాలకు కూడా సొంత ఆరోగ్య శాఖలున్నాయి. 2020 నవంబరు చివర్లో కౌంటీ కొత్త ఉత్తర్వు ఇచ్చినప్పుడు అది ఆ రెండు నగరాలకూ వర్తించలేదు. కౌంటీ మొత్తానికీ ఒకే రంగు పూసిన మ్యాప్‌లన్నీ అక్కడ తప్పాయి.

‘షెల్టర్ ఇన్ ప్లేస్’, ‘సేఫర్ ఎట్ హోమ్’, ‘స్టే ఎట్ హోమ్’ అన్నీ ఒకటేనా?

పేరు చూసి నిర్ణయించకండి. పేర్లు ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెట్టుకున్నారు. బే ఏరియా ‘షెల్టర్ ఇన్ ప్లేస్’ అంది. న్యూయార్క్ ‘పాజ్’ అంది. వాషింగ్టన్ రాష్ట్రం ‘స్టే హోమ్, స్టే హెల్తీ’ అంది. కెంటకీ ‘హెల్తీ ఎట్ హోమ్’ అంది.

పేరు మెత్తగా ఉండి లోపల కఠినంగా ఉన్నవి ఉన్నాయి, గట్టి పేరు పెట్టుకుని లోపల సలహా మాత్రమే ఇచ్చినవీ ఉన్నాయి. మసాచుసెట్స్ అత్యవసరం కాని వ్యాపారాలను మూసేయమని ఆదేశించింది, ఇంట్లో ఉండడం మాత్రం సలహాగానే చెప్పింది. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబట్ మార్చి 31న ఇచ్చిన ఉత్తర్వులో ‘స్టే ఎట్ హోమ్’ అన్న మాటే లేదు. ఇది ఇంట్లో ఉండమనే ఉత్తర్వేనా కాదా అని జనం ఒక రోజంతా తర్జనభర్జన పడ్డారు. మర్నాడు ఆయనే వీడియోలో, అవును, ఇంట్లో ఉండమనే దాని అర్థం అని చెప్పాల్సి వచ్చింది.

నేను ఉత్తర్వు తెరవగానే వెతికేది క్రియాపదాన్ని. ‘ఉండాలి’ అన్నారా, ‘ఉండటం మంచిది’ అన్నారా? తర్వాత ఉల్లంఘిస్తే జరిమానా లేదా శిక్ష ఏమైనా ఉందా అని చూస్తాను. ఆ తర్వాత ఎవరికి వర్తిస్తుందో: అందరికా, లేక పెద్దవయసు వాళ్లకూ జబ్బులున్న వాళ్లకూ మాత్రమేనా? ఓక్లహోమా గవర్నర్ ‘సేఫర్ ఎట్ హోమ్’ రెండో రకం. అదే రాష్ట్రంలో తుల్సా, ఓక్లహోమా సిటీ, నార్మన్ నగరాలు మాత్రం అందరికీ వర్తించేవి ఇచ్చాయి. రాష్ట్రమంతా ఒకే రంగు వేస్తే రెండూ కలిసిపోతాయి.

మరి ఎన్ని రకాలుగా విడదీయాలి?

నేను నాలుగు పెట్టుకున్నాను: అందరికీ తప్పనిసరి, కొందరికి తప్పనిసరి, సలహా, ఏమీ లేదు. దీనికి తోడు వ్యాపారాల సంగతి వేరే గడిలో. రెండూ కలిపితే కాలిన్ కౌంటీ లాంటి చోట్ల అర్థం మారిపోతుంది. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆ కౌంటీ మార్చి 24న జనాన్ని ఇంట్లో ఉండమంది, కానీ వ్యాపారాలన్నీ అత్యవసరమైనవే అని అదే ఉత్తర్వులో రాసింది. అంటే పనికి వెళ్లడానికి దాదాపు అడ్డే లేదు. కింద ఉన్న డాలస్ కౌంటీలో అత్యవసరం కాని దుకాణాలు మూతపడ్డాయి. మ్యాప్‌లో రెండింటికీ ఒకటే రంగు వేసి చూపించినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఎందుకంటే ఆ గీతకు అటు పనిచేసే మనిషికీ ఇటు పనిచేసే మనిషికీ ఆ వారం జీతం సంగతి ఒకటి కాదు.

నగరం ఉత్తర్వు ఇస్తే కౌంటీ మొత్తానికీ రంగు వేయొచ్చా?

వేయకూడదు. నేను చూసిన మ్యాప్‌లలో ఎక్కువ తప్పులు ఇక్కడే.

కాన్సస్ సిటీని తీసుకోండి. మిస్సూరీ వైపున్న ఆ నగరం జాక్సన్, క్లే, ప్లాట్, క్యాస్ అనే నాలుగు కౌంటీల్లో పరుచుకుని ఉంది. నగరం ఉత్తర్వు మార్చి 24న అమల్లోకి వచ్చింది. అలాగని నాలుగు కౌంటీలకూ రంగు పూస్తే, నగరం బయట ఉన్న పల్లెలకు కూడా ఆ ఉత్తర్వు అంటగట్టినట్టవుతుంది. పోనీ ఎక్కువ భాగం ఉన్న ఒక్క కౌంటీకే వేద్దామంటే మిగతా మూడింట్లో ఉన్న నగరవాసులు మ్యాప్ నుంచి మాయమవుతారు. అలబామాలో బర్మింగ్‌హామ్ జెఫర్సన్, షెల్బీ కౌంటీల్లో ఉంది. అట్లాంటా ఫుల్టన్, డికాల్బ్ కౌంటీల్లో ఉంది.

మనవాళ్లు చాలామంది ఉండే ఫ్రిస్కో సంగతే చూడండి. ఊరు సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో. కాలిన్ ఉత్తర్వు మార్చి 24 రాత్రి, డెంటన్ ఉత్తర్వు మార్చి 25 రాత్రి. రెండింట్లో మాటలూ వేరే. ఒకే గుడికి, ఒకే ఇండియన్ స్టోర్‌కి వెళ్లే రెండు కుటుంబాలకు ఆ వారం నియమాలు ఒకటి కావు. వాట్సాప్ గ్రూపుల్లో "మన ఫ్రిస్కోలో రూల్ ఏంటండీ" అని అడిగితే ఇద్దరు రెండు జవాబులు చెప్పేవారు, ఇద్దరిదీ నిజమే.

దారి ఏమిటంటే రెండు లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, పెట్టుకోవడం. కింద కౌంటీల లేయర్, పైన నగర సరిహద్దుల లేయర్. జనగణన చేసే సెన్సస్ బ్యూరో రెండు రకాల సరిహద్దు ఫైళ్లూ ఉచితంగా ఇస్తుంది. కౌంటీ ఉత్తర్వుకు నిండు రంగు, నగర ఉత్తర్వుకు నగరం హద్దుల్లోపల మాత్రమే రంగు. విశ్లేషణ కోసం కౌంటీకి ఒకే అంకె కావాలంటే, జనగణన బ్లాకుల (జనగణనలో వాడే అతి చిన్న భాగాల) జనాభా తీసుకుని, ఆ కౌంటీ జనంలో ఎంత శాతం మంది ఉత్తర్వు కింద ఉన్నారో లెక్కగట్టండి. ‘ఉంది/లేదు’ కంటే ‘ఇంత శాతం’ అనడమే నిజానికి దగ్గర. పని ఎక్కువే. కానీ ఒకసారి కూర్చుంటే అయిపోతుంది.

ఇంకో సంగతి. కొన్ని కౌంటీ ఉత్తర్వులు కౌంటీ మొత్తానికీ వర్తిస్తాయి, కొన్ని నగర పరిధి బయట ఉన్న భాగానికే. ఇది ఉత్తర్వు మొదటి పేజీలోనో రెండో పేజీలోనో ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యం కోసం తప్పకుండా వెతకండి.

ఏ తేదీ రాయాలి? ప్రకటించినదా, సంతకం చేసినదా, అమల్లోకి వచ్చినదా?

మూడూ రాయండి. మ్యాప్‌కి మాత్రం అమలు తేదీ వాడండి. న్యూయార్క్ ఉత్తర్వు మార్చి 20న ప్రకటించారు, 22 రాత్రి 8 గంటలకు అమల్లోకి వచ్చింది. ఇల్లినాయ్‌ది కూడా 20న ప్రకటించారు, 21 సాయంత్రం 5 గంటలకు అమలు. ప్రకటన తేదీలు పెడితే రెండు రాష్ట్రాలూ ఒకే రోజు మొదలైనట్టు కనిపిస్తాయి.

గంట కూడా రాసుకోండి. డాలస్ కౌంటీది మార్చి 23 రాత్రి 11:59కి మొదలైంది. కంప్యూటర్‌కు అది 23వ తేదీ. మనిషికి అది 24 పొద్దున. ఫ్లోరిడాది ఏప్రిల్ 3 అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి. రెండు నిమిషాల తేడాలో ఒక రోజు తేడా వచ్చేస్తుంది. నా నియమం: ఒక రోజులో మధ్యాహ్నం 12 లోపు అమల్లోకి వస్తేనే ఆ రోజు లెక్క, లేకపోతే మర్నాడు. మీరు వేరే నియమం పెట్టుకోవచ్చు, కానీ ఒకటే పెట్టుకుని, మ్యాప్ కింద రాయండి.

కౌంటీ ఉత్తర్వు ఉండగా రాష్ట్ర ఉత్తర్వు వస్తే ఏమవుతుంది?

మూడు రకాలుగా జరిగింది. కొన్ని చోట్ల రాష్ట్ర ఉత్తర్వు కనీస స్థాయి, కౌంటీ ఇంకా కఠినంగా ఉండవచ్చు. కాలిఫోర్నియాలో మార్చి 19న రాష్ట్ర ఉత్తర్వు వచ్చాక కూడా బే ఏరియా కౌంటీల కఠిన నియమాలు కొనసాగాయి. కొన్ని చోట్ల రాష్ట్రం కౌంటీల మాటను పక్కనపెట్టేసింది. జార్జియాలో గవర్నర్ బ్రయన్ కెంప్ ఉత్తర్వు ఏప్రిల్ 3 సాయంత్రం అమల్లోకి రాగానే స్థానిక ఉత్తర్వులు చెల్లకుండా పోయాయి. టైబీ ఐలాండ్ అనే చిన్న ఊరు ముందే మూసిన సముద్రతీరం మళ్లీ తెరుచుకుంది, అక్కడి మేయర్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఏప్రిల్ 3న జార్జియా మ్యాప్ అంతా ముదురు రంగుకి మారుతుంది, కానీ టైబీలో ఉన్నవాళ్లకు ఆ రోజు నియమాలు సడలాయి. రంగు ముదిరింది కాబట్టి కట్టడి పెరిగింది అనుకోకూడదని నేను నేర్చుకున్నది అక్కడే.

మూడో రకం, రాష్ట్రమే కౌంటీలను ఎంచి ఎంచి ఇవ్వడం. పెన్సిల్వేనియా మార్చి 23న ఏడు కౌంటీలతో మొదలుపెట్టింది: ఫిలడెల్ఫియా, దాని చుట్టుపక్కలవి, పిట్స్‌బర్గ్ ఉన్న అలెఘేనీ, ఇంకా మన్‌రో. తర్వాత కొన్ని కొన్ని కలుపుతూ ఏప్రిల్ 1కి రాష్ట్రమంతా చేసింది. మిసిసిపీ గవర్నర్ మార్చి 31న లాడర్‌డేల్ అనే ఒక్క కౌంటీకి ఇచ్చి, ఏప్రిల్ 1న రాష్ట్రానికంతటికీ ఇచ్చారు, అది 3న అమల్లోకి వచ్చింది. ఫ్లోరిడాలో మార్చి 30న మయామీ-డేడ్, బ్రవర్డ్, పామ్ బీచ్, మన్‌రో అనే నాలుగు ఆగ్నేయ కౌంటీలకు ముందు వచ్చింది. ఇవి కౌంటీ మ్యాప్‌లో కనిపిస్తాయి కానీ కౌంటీలు ఇచ్చినవి కావు. మొదట చెప్పిన "ఎవరు ఇచ్చారు" గడి ఇక్కడే అక్కరకొస్తుంది.

రాష్ట్రమంతా ఉత్తర్వు వేయని రాష్ట్రాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఆర్కన్సా, అయోవా, నెబ్రాస్కా, నార్త్ డకోటా, సౌత్ డకోటా అందరికీ వర్తించే ఉత్తర్వు ఇవ్వలేదు. ఓక్లహోమా, యూటా, వయోమింగ్‌లలో అందరికీ వర్తించేవి స్థానికంగా మాత్రమే. యూటాలో సమ్మిట్ కౌంటీ, సాల్ట్ లేక్ కౌంటీ, వయోమింగ్‌లో జాక్సన్ పట్టణం అలా ఇచ్చినవే. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 2020 మార్చి 1 నుంచి మే 31 వరకు 42 రాష్ట్రాలు, టెరిటరీలు తప్పనిసరి ఉత్తర్వులు ఇచ్చాయి. టెరిటరీలతో కలిపి 3,233 కౌంటీల్లో 2,355, అంటే 73 శాతం, వాటి కిందికి వచ్చాయి.

ఆదివాసీ దేశాల సంగతి కౌంటీ మ్యాప్‌లో ఎలా చూపాలి?

దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. వదిలేయకండి. నవాహో నేషన్‌కు సొంత ప్రభుత్వం ఉంది. అది మార్చి 20న తన ప్రజలందరికీ ఇంట్లో ఉండమని ఉత్తర్వు ఇచ్చింది, అరిజోనా రాష్ట్రం కంటే ముందే. ఏప్రిల్ 10 నుంచి వారాంతాల్లో 57 గంటల కర్ఫ్యూ పెట్టింది. ఆ నేల అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడు రాష్ట్రాల్లో ఉంది, అపాచీ, నవాహో, కొకోనినో, మెకిన్లీ లాంటి ఎన్నో కౌంటీల్లోకి చొచ్చుకుపోయి ఉంది. కౌంటీ లేయర్‌లో అది అసలు కనబడదు.

సౌత్ డకోటాలో రాష్ట్ర ఉత్తర్వు లేదు కాబట్టి మ్యాప్ తెల్లగా ఉంటుంది. కానీ అక్కడి షయెన్ రివర్ సూ, ఓగ్లాలా సూ ప్రజలు తమ నేలలోకి వచ్చే రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టుకుని తమ వాళ్లను కాపాడుకున్నారు. ఆ తెలుపు అబద్ధం చెబుతోంది. సెన్సస్ బ్యూరో దగ్గర ఆదివాసీ ప్రాంతాల సరిహద్దు ఫైలు కూడా ఉంది, దాన్ని మూడో లేయర్‌గా పెట్టండి.

నా మ్యాప్‌లో కాలిఫోర్నియా ఖాళీగా వస్తోంది, ఎందుకు?

టెన్షన్ పడకండి, ఇది ఎక్సెల్ చేసే పని. ప్రతి కౌంటీకి ఫిప్స్ కోడ్ అని ఐదంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు రాష్ట్రానివి, తర్వాతి మూడు కౌంటీవి. అలబామాలోని ఆటాగా కౌంటీ 01001. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నా తీసేసి 1001 చేస్తుంది. అప్పుడు సరిహద్దు ఫైలులో ఉన్న 01001తో అది కలవదు. అలబామా, అలాస్కా, అరిజోనా, ఆర్కన్సా, కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్ ఈ ఏడు రాష్ట్రాల కోడ్‌లు సున్నాతో మొదలవుతాయి కాబట్టి ఏడూ మ్యాప్‌లో మాయమవుతాయి. ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి.

పేర్లతో కలపాలని మాత్రం అస్సలు చూడకండి. వాషింగ్టన్ కౌంటీ అనేది దాదాపు ముప్పై రాష్ట్రాల్లో ఉంది.

ఇప్పటి సరిహద్దు ఫైలు వాడితే ఏమన్నా ఇబ్బందా?

ఇబ్బందే. కనెక్టికట్‌లో 2020 నాటికి ఎనిమిది కౌంటీలు ఉండేవి. తర్వాత సెన్సస్ బ్యూరో వాటి స్థానంలో తొమ్మిది ప్లానింగ్ రీజియన్లను తీసుకుంది, కోడ్‌లు కూడా మారాయి. 2020 డేటాకు 2020 ఫైలే వాడండి. పాత డేటాతో కలిపేటప్పుడు సౌత్ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా కౌంటీగా పేరూ కోడూ మార్చుకుందని కూడా గుర్తుంచుకోండి. కేసుల డేటా కొన్ని చోట్ల న్యూయార్క్ నగరంలోని ఐదు కౌంటీలను ఒకటిగా ఇస్తుంది, అదీ విడిగా చూసుకోవాలి.

రంగులు ఎలా ఎంచుకోవాలి?

ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు. ఆ రెండూ వేరుచేసి చూడలేనివాళ్లు చాలామంది ఉన్నారు. పైగా ఎరుపు చూస్తే జబ్బు ఎక్కువ అనుకుంటారు. మా అమ్మ అలాగే కంగారుపడింది. ఉత్తర్వు ఉన్న చోట జబ్బు ఎక్కువని కాదు అర్థం, కొన్నిసార్లు ముందుజాగ్రత్త ఎక్కువని. ఒకే రంగులో లేతది, ముదురుది వాడితే చాలు. సలహాకు చుక్కలు, సమాచారం లేని చోటుకు బూడిద రంగు.

కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో కౌంటీ, అలాస్కాను మినహాయిస్తే, వైశాల్యంలో దేశంలోకెల్లా పెద్దది, ఎక్కువ భాగం ఎడారి. శాన్ ఫ్రాన్సిస్కో చుక్కంత ఉంటుంది. కన్ను నేలను చూస్తుంది, మనుషులను చూడదు. కాబట్టి మ్యాప్ పక్కన ‘ఇంతమంది జనం ఉత్తర్వు కింద ఉన్నారు’ అని ఒక అంకె పెట్టండి.

ఉత్తర్వులు ఎప్పుడు ముగిశాయో ఎలా తెలుసుకోవాలి?

మొదలు కంటే ముగింపు కష్టం. మొదలైనప్పుడు ప్రెస్‌మీట్ పెడతారు, ముగిసేటప్పుడు చాలా చోట్ల గడువు దానంతటదే అయిపోతుంది. గడువు పొడిగించారా, సవరించారా అన్నది ప్రతి ఉత్తర్వుకీ వెతకాలి.

విస్కాన్సిన్ కథ దీనికి మంచి పాఠం. రాష్ట్ర ‘సేఫర్ ఎట్ హోమ్’ మే 26 వరకు ఉండాల్సింది. మే 13న రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తీర్పుతో కొట్టేసింది. అది వెంటనే అమలు. ఆ రాత్రికి రాత్రి మిల్వాకీ నగరం, డేన్ కౌంటీ లాంటివి తమ సొంత ఉత్తర్వులు నిలబెట్టుకున్నాయి. ఇంకొన్ని కౌంటీలు సొంతంగా ఇచ్చి, ఒకటి రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నాయి. మే 13కి ముందు రాష్ట్రం ఒకే రంగు, మర్నాడు అతుకుల బొంత. నెలకో మ్యాప్ గీసేవాళ్లకు ఇది కనపడనే కనపడదు. రోజుకో వరుస పెట్టుకోవడం అందుకే.

డిసెంబరులో కాలిఫోర్నియాలో ఇంకోలా జరిగింది. రాష్ట్రం ఐదు ప్రాంతాలుగా విడదీసి, ఐసీయూ పడకల ఖాళీ 15 శాతం కంటే తగ్గిన ప్రాంతానికి ఉత్తర్వు వర్తిస్తుందంది. బే ఏరియా ఆ స్థాయికి రాకముందే అక్కడి కౌంటీలు ముందుకొచ్చాయి. కానీ మార్చిలో కలిసి నడిచిన ఆరింటిలో శాన్ మాటెయో ఈసారి కలవలేదు, ప్రాంతమంతటికీ వర్తించేదాకా ఆగింది. మార్చి డేటాను కాపీ చేసి డిసెంబరుకు అతికించినవాళ్లు ఆ కౌంటీ దగ్గర దొరికిపోతారు.

రంగు ఉన్న చోట జనం నిజంగా ఇంట్లోనే ఉన్నారా?

ఈ మ్యాప్ అది చెప్పదు. ఇది నియమం ఏమిటో చెబుతుంది, నడక ఏమిటో చెప్పదు. కదలికలు తెలియాలంటే ఫోన్ లొకేషన్ డేటా వేరేగా చూడాలి. చాలా చోట్ల ఉత్తర్వు రాకముందే బడులు మూసేశారు, ఆఫీసులు ఇంటి నుంచి పని ఇచ్చేశాయి. కాబట్టి ఉత్తర్వు వల్ల కదలికలు ఇంత తగ్గాయని లెక్క కట్టేవాళ్లకు తేదీ రెండు మూడు రోజులు తప్పినా జవాబే మారిపోతుంది. తేదీల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

మన దగ్గర జిల్లాల రంగులు కూడా ఇలాంటివేనా?

చూడటానికి అలాగే ఉన్నా పద్ధతి వేరు. 2020 ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్య శాఖ 733 జిల్లాలను 130 రెడ్, 284 ఆరెంజ్, 319 గ్రీన్ జోన్లుగా విడదీసింది. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, గుంటూరు, కృష్ణా, చిత్తూరు, నెల్లూరు రెడ్‌లో, విజయనగరం ఒక్కటే గ్రీన్‌లో ఉన్నాయి. తెలంగాణలో ఆరు జిల్లాలు రెడ్. మన దేశంలో ఒకే చోట నుంచి ఒకే జాబితా వచ్చింది, కాబట్టి మ్యాప్ గీయడం సులువు. కానీ అసలు కట్టడి జిల్లా స్థాయిలో కాదు, కంటైన్‌మెంట్ జోన్ అనే వీధుల స్థాయిలో ఉండేది. అమెరికాలో నగరం దగ్గర వచ్చిన చిక్కు మనకు వీధి దగ్గర వచ్చింది.

ఉత్తర్వులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

కొన్ని కౌంటీల వెబ్‌సైట్లలో ఇంకా ఉన్నాయి. చాలావాటిలో ఆ పేజీలు తీసేశారు, అప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత లింకు వేసి చూడండి. రోజువారీగా కౌంటీల జాబితాతో సీడీసీ పెట్టిన డేటా కూడా ఉంది. అది రాష్ట్రాల, టెరిటరీల ఉత్తర్వులది మాత్రమే. కౌంటీలూ నగరాలూ సొంతంగా ఇచ్చినవి దానిలో ఉంటాయని అనుకోకండి. దొరికిన ప్రతి పీడీఎఫ్‌నూ మీ దగ్గర దాచుకోండి. లింకు మాత్రమే దాచుకుని నేను కొన్ని పోగొట్టుకున్నాను.

ఉత్తర్వు కాపీ దొరకలేదు, వార్త మాత్రమే ఉంది. ఏం రాయాలి?

‘వార్త ఆధారం’ అని రాసి, మ్యాప్‌లో ఆ కౌంటీకి గీతలు పెట్టండి. ‘లేదు’ అని మాత్రం రాయకండి. దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. స్థానిక పత్రికల వార్తలు రెండు ఒకే తేదీ చెబితే తేదీ రాసుకోవచ్చు, ‘తప్పనిసరి’ అన్న మాటకు మాత్రం అసలు కాగితం కావాలి. కౌంటీ క్లర్క్ ఆఫీసుకు మర్యాదగా మెయిల్ రాసి అడగండి, ఏ తేదీది, ఎవరి సంతకంతో వచ్చినది కావాలో స్పష్టంగా చెప్పండి. నాకు కొందరు రెండు రోజుల్లో స్కాన్ పంపారు. నా షీటులో ఇంకా గీతలతోనే ఉన్న కౌంటీలు కొన్ని ఉన్నాయి, ఎక్కువగా చిన్నవి, పల్లెటూళ్లవి. వాటికి మళ్లీ రాస్తున్నాను.